అంచనా గోధుమకు ఒక మర కావాలి

గోధుమ విషయంలో తెలుగువారి అభిప్రాయానికి ఉన్నంత విలువ ఈ దేశంలో మరెవరి అభిప్రాయానికీ ఉండదని నా దృఢ విశ్వాసం. పంజాబు రైతుకు మద్దతు ధర మీద మమకారం ఉంటుంది, మధ్యప్రదేశ్ వ్యాపారికి గోదాములోని సరకు మీద మమకారం ఉంటుంది, ఢిల్లీ అధికారికి తాను విడుదల చేసిన అంకె మీద అంతకు మించిన మమకారం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని చెప్పుకోదగ్గంత గోధుమ పండదు కనుక మనకు ఈ బంధాలేవీ లేవు. తాపేశ్వరం మడత కాజాలోని మైదా, సాయంత్రం బండి మీద వేగే మైసూరు బజ్జీలోని మైదా, ఇంటికి చుట్టం వచ్చిన ప్రతిసారీ పొయ్యెక్కే ఉప్మాలోని బొంబాయి రవ్వ, షుగరు ఉందని డాక్టరు చెప్పిన నాటి నుంచి రాత్రి అన్నం స్థానంలో చేరిన రెండు చపాతీలు, అన్నీ రైలెక్కి వచ్చిన గింజల పుణ్యమే. పండించకుండా, అమ్మకుండా, కేవలం తినే మనిషికే నిష్పాక్షికత సాధ్యం. ఆ అర్హతతోనే జాతీయ గోధుమ విధానాన్ని సమర్థిస్తూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన దేశంలో గోధుమ రెండు రకాలు. ఒకటి పొలంలో పండేది, రెండవది అంచనాల్లో పండేది. మొదటి రకానికి నీరు కావాలి, చలి కావాలి, గింజ పాలు పోసుకునే వేళ ఎండ ముదరకుండా ఉండాలి. రెండవ రకానికి ఇవేవీ అక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఆ ఏటి పంటను 1113 లక్షల టన్నులుగా అంచనా కట్టింది. తర్వాత వచ్చిన మార్చి, వాతావరణ శాఖ లెక్కలు మొదలైన 122 ఏళ్లలో అత్యంత వేడి మార్చిగా నమోదైంది. పొలంలో గోధుమ గింజలు ఎండుద్రాక్షల్లా ముడుచుకుపోయాయి. మే నెలలో అంచనా కూడా 1064 లక్షల టన్నులకు దిగింది, ప్రకృతి పట్ల ఆ మాత్రం మర్యాద చూపడం సముచితమే. అయితే కోతలు పూర్తయి, గడ్డి కూడా పశువుల కడుపులోకి చేరిన తర్వాత నాలుగో అంచనాలో అది 1068కి, తుది అంచనాలో 1077కి ఎదిగింది. కోసిన తర్వాత కూడా పెరిగే పంటను ప్రపంచంలో మరే దేశపు శాస్త్రవేత్తలూ సృష్టించలేదన్నది గమనార్హం.

ఆ సంవత్సరపు వసంతం మన గోధుమ చరిత్రలో ఒక మహత్తర ఘట్టం. యుద్ధంతో నల్ల సముద్రం మీది ఉక్రెయిన్ ఓడరేవులు మూతపడి ఈజిప్టు మొదలు ఇండోనేషియా దాకా రొట్టె కోసం దిక్కులు చూస్తుండగా, ప్రపంచ వాణిజ్య సంస్థ అనుమతిస్తే రేపటి నుంచే ప్రపంచానికి ఆహార నిల్వలు పంపడానికి సిద్ధమని ప్రధానమంత్రి ఏప్రిల్‌లో ప్రకటించారు. ఏడాదిలో 100 లక్షల టన్నుల ఎగుమతి లక్ష్యమన్నారు. మే 12న ప్రభుత్వం మొరాకో, ట్యునీషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, వియత్నాం, తుర్కియే, అల్జీరియా, లెబనాన్, ఈ తొమ్మిది దేశాలకు గోధుమ అమ్మకాల కోసం ప్రతినిధి బృందాలను పంపుతామని చెప్పింది. మే 13 రాత్రి గోధుమ ఎగుమతిని నిషేధించింది. దీనిని తొందరపాటుగా చిత్రించిన పత్రికల అవగాహనా లోపానికి నేను చింతిస్తున్నాను. ముందు రోజు మాట్లాడింది అంచనా గోధుమ గురించి, మర్నాడు నిషేధించింది పొలం గోధుమను. రెండింటి మధ్య వైరుధ్యం ఎక్కడుంది?

పొలం గోధుమ సంగతి అప్పటికే గోదాముల్లో తెలిసిపోయింది. ప్రభుత్వం 444 లక్షల టన్నులు సేకరించాలనుకుంటే 188 లక్షలే చేతికి వచ్చాయి, అంతకు ముందు ఏడు సేకరించింది 433 లక్షలు. బయట మద్దతు ధర కంటే ఎక్కువ పలుకుతుంటే రైతు ప్రైవేటు వ్యాపారికే అమ్మాడు. పంజాబు, హర్యానాలలో ముడుచుకుపోయిన గింజలు 6 శాతం మించరాదన్న నిబంధనను ధరలో కోత లేకుండా 18 శాతం దాకా సడలించినా బస్తాలు రాలలేదు. చాలా రాష్ట్రాల్లో ఉచిత రేషన్‌లో గోధుమ తగ్గించి బియ్యం పెంచారు. గోధుమ తక్కువైనప్పుడు బియ్యం తినాలన్న ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాకపోయినా, గంగా మైదానం వారికి అది కొంత కష్టం కలిగించి ఉంటుంది.

ఇక నిషేధానికి ముందే బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, ఉన్నవారు సరకు పంపుకోవచ్చని ప్రభుత్వం మానవతా దృక్పథంతో అన్నదో లేదో, మే 13కు ముందు తేదీలు వేసుకున్న లెటర్లు పుట్టుకొచ్చాయి. చివరకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వారు కాగితాలను భౌతికంగా తనిఖీ చేయమని, దోషులను సీబీఐకి అప్పగించే విషయం కూడా పరిశీలిస్తామని హెచ్చరించవలసి వచ్చింది. కోసిన పంట వెనక్కు పెరగగా లేనిది, సంతకం వెనక్కు నడిస్తే నేరమెలా అవుతుందో న్యాయకోవిదులు తేల్చాలి. ఈలోగా మరికొందరు గింజను ఆపారు గాని పిండిని ఆపలేదన్న సూక్ష్మాన్ని గ్రహించారు. ఏప్రిల్ నుంచి జూలై వరకు గోధుమపిండి ఎగుమతులు అంతకు ముందు ఏటి అదే కాలంతో పోలిస్తే 200 శాతం పెరిగాయని ప్రభుత్వమే చెప్పింది. ఆగస్టు చివరికి పిండి, మైదా, రవ్వ కూడా నిషేధంలోకి వచ్చాయి. గోధుమను మర ఆడితే పిండి వస్తుందన్న విషయం అధికారిక ఫైళ్లలో నమోదు కావడానికి మూడు నెలలు పట్టింది. ఇంత పెద్ద దేశంలో ఇది ఎక్కువ కాలమేమీ కాదు.

ప్రభుత్వాలు గోధుమ విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండటానికి పాత గాయాలు ఉన్నాయన్నది మాత్రం వ్యంగ్యం లేకుండానే చెప్పాలి. 1956లో అమెరికాతో పీఎల్ 480 అనే ఆహార సాయపు ఒప్పందం మొదలైన నాటి నుంచి సుమారు పదేళ్లపాటు మన నగరాల రొట్టె ఓడల మీద ఆధారపడింది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఏడాదికి సరిపడా ఒప్పందం చేసుకోకుండా నెలల వంతున గోధుమ వదులుతుంటే, లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని కోరారు. 1966లో కోటి టన్నుల దాకా ధాన్యం దిగుమతయింది. ఆ ఏడే మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం కొని తెచ్చారు, 1968 నాటికి పంజాబులో పంట నిల్వ చేయడానికి బడులు కూడా ఖాళీ చేయవలసి వచ్చింది. మన పల్లెల్లో ఆనాటి పెద్దలు అమెరికా పాలపొడిని, బడిలో పెట్టిన పచ్చరవ్వ ఉప్మాను ఇప్పటికీ తలచుకుంటారు. చేలల్లో ఒళ్లంతా దురద పుట్టించే వయ్యారిభామ మొక్క కూడా ఆ గోధుమ బస్తాల్లోనే వచ్చిందని జనం నమ్మకం. కాబట్టి గోదాము అడుగు కనబడితే ఢిల్లీకి చెమటలు పట్టడంలో తప్పేమీ లేదు. అడుగు కనబడిన రోజున కూడా గోదాము నిండుగానే ఉందని చెప్పాలని పట్టుబట్టడం దగ్గరే కథ రక్తి కడుతుంది.

ఈ కథలో మధ్యన నలిగేది పిండి మిల్లు. ఆంధ్రలో పిండి మర అన్నా, తెలంగాణలో గిర్నీ అన్నా మనకు గుర్తొచ్చేది వీధి చివర ఇంటి గోధుమలు పోయించుకుని పట్టే చిన్న యంత్రం. నగరానికి మైదా, రవ్వ, పిండి అందించేది మాత్రం రోలర్ ఫ్లోర్ మిల్లు. అక్కడ వ్యాగన్లలో వచ్చిన గోధుమను జల్లించి, రాళ్లూ మట్టిగడ్డలూ ఏరి, తగినంత తడి పట్టించి కొన్ని గంటలపాటు తొట్టెలో ఉంచుతారు. తడి తగిలితే పైపొట్టు తోలులా సాగి పగలకుండా ఊడుతుంది, లోపలి పిండిభాగం మెత్తబడుతుంది. ఆపైన గాడులు తీసిన ఇనుప రోలర్ల మధ్య పగలగొట్టి, జల్లెడ మీద జల్లెడగా మైదాను, రవ్వను, పొట్టును విడదీస్తారు. నూరు కిలోల గోధుమలో పాతిక దాకా పొట్టుగా పోతుంది, ఆ పొట్టు పశువుల దాణాకు ఏ ధరకు అమ్ముడయిందన్నదే చాలాసార్లు మిల్లు లాభనష్టాలను తేలుస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మిల్లుకు అసలు గింజ మధ్యప్రదేశ్, రాజస్థాన్‌ల నుంచి రావాలి, రైల్వే రేక్, అంటే గూడ్సు బండి, దొరకాలి, కిరాయి భరించాలి. ఒక బ్యాచ్ ప్రొటీన్ తక్కువైతే బిస్కెట్ల వాడు మురిసిపోతాడు, బ్రెడ్డువాడు తిట్టిపోస్తాడు. అందుకే మిల్లరు రెండు మూడు రకాలు నిల్వ ఉంచుకుని కలుపుకుంటాడు. ఈ మొత్తం ప్రక్రియలో ఒక ఘోరమైన సాంకేతిక లోపం ఉంది. రోలర్లు పొలం గోధుమను మాత్రమే పిండి చేయగలవు, అంచనా గోధుమను తొట్టెలో పోస్తే మోటారు ఖాళీగా తిరుగుతుంది.

ఈ లోపాన్ని సవరించకుండా మిల్లర్ల సంఘాలు ప్రభుత్వ అంచనాలనే తప్పుబడుతున్నాయి. 2023 నుంచి వరుసగా వారి సర్వేలు ప్రభుత్వ అంకె కంటే పదుల లక్షల టన్నులు తక్కువే చూపుతున్నాయి. ప్రభుత్వం 2023-24 పంట 1132 లక్షల టన్నులన్నది, అది రికార్డు. 2024-25 పంట 1175 లక్షలన్నది, అదీ రికార్డే. వీటిలో మొదటి రికార్డు పంట కోతకొచ్చే వేళకు, 2024 ఏప్రిల్ 1న, కేంద్ర గోదాముల్లో గోధుమ 75 లక్షల టన్నులకు పడిపోయింది, 16 ఏళ్లలో అంత తక్కువ ఎన్నడూ లేదు. ఉండవలసిన కనీస నిల్వ 74.6 లక్షలు కనుక అది నిబంధనల ప్రకారం సమృద్ధే. 2025 జనవరిలో ఢిల్లీలో టోకు ధర క్వింటాలు 3,300 రూపాయల దరిదాపులకు చేరితే, అప్పటి మద్దతు ధర 2,275. రికార్డు పంట పండిన దేశంలో రికార్డు ధర ఎందుకన్న ప్రశ్నకు అధికారిక సమాధానం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కొరత లేదు, ఎవరో దాచారు. నిజానికి ఇది చాలా శాంతినిచ్చే సిద్ధాంతం. పంట తగ్గిందంటే ఎండను అరెస్టు చేయలేము, దాచారంటే కనీసం ఒక గోదాముకు తాళం వేయవచ్చు.

దాచినవారి కోసం ప్రయోగించిన ఆయుధం నిల్వ పరిమితి. 2020లో నిత్యావసర సరకుల చట్టాన్ని సవరించి, యుద్ధం, కరవు, విపరీతమైన ధరల పెరుగుదల వంటివి ఉంటే తప్ప ధాన్యానికి పరిమితులు ఉండవని ఘనంగా చెప్పారు. 2021లో మిగతా సాగు చట్టాలతో పాటు ఆ సవరణనూ రద్దు చేశారు. 2023 జూన్‌లో 15 ఏళ్ల తర్వాత మళ్లీ గోధుమకు పరిమితి వచ్చింది: టోకు వ్యాపారికి 3,000 టన్నులు. సెప్టెంబరులో అది 2,000 అయింది, డిసెంబరులో 1,000, ఫిబ్రవరిలో 500. 2024 జూన్‌లో మళ్లీ 3,000తో మొదలుపెట్టి, 2,000కు, 1,000కి, 2025 ఫిబ్రవరిలో 250కి దింపారు. మే నెల రాగానే మళ్లీ 3,000, ఆగస్టుకు 2,000. ఇంత క్రమం తప్పకుండా పెరిగి తరిగేది చంద్రుడు తప్ప నాకు తెలిసి మరొకటి లేదు. పరిమితి దిగిన ప్రతిసారీ పంట బ్రహ్మాండంగా ఉందన్న వాక్యం కూడా ఉత్తర్వుతో పాటే వచ్చేది. మిల్లుకు లెక్క వేరు: నెలవారీ స్థాపిత సామర్థ్యంలో 70 శాతాన్ని, తర్వాత 60 శాతాన్ని, ఆపైన 50 శాతాన్ని ఆర్థిక సంవత్సరంలో మిగిలిన నెలలతో గుణించాలన్నారు. అంటే మిల్లు యజమాని ఇకపై గోధుమ నాణ్యత తెలిసిన గుమస్తాను తీసేసి లెక్కల మాస్టారును పెట్టుకోవాలి. ఉపాధి కల్పన ఇలాగే జరుగుతుంది.

నిల్వ ఎంత ఉందో ప్రతి శుక్రవారం ప్రభుత్వ పోర్టల్‌లో ప్రకటించాలన్నారు. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదని పెంచిన తల్లుల బిడ్డలు ఆ రోజే ఇంట్లో ఉన్న బస్తాలన్నీ లెక్క చెప్పడం ఎంత మానసిక క్షోభో ఉత్తరాది అధికారులకు తెలియకపోవచ్చు. ఆ పోర్టల్ వెబ్ చిరునామాలో వంట నూనెల పేరు ఉండటం వల్ల మొదట్లో కొందరు తికమకపడి ఉండవచ్చు. నూనెల కోసం కట్టిన ఇంట్లోనే గోధుమకూ ఒక గది ఇచ్చారు, పూరీకి రెండూ కావాలి గనుక నాకు అభ్యంతరం లేదు.

దండనతో పాటు దయ కూడా ఉంది. 2023 జనవరిలో ప్రభుత్వం తన గోదాముల నుంచి 30 లక్షల టన్నులు బహిరంగ మార్కెట్‌లో వేలం వేస్తానన్నది. ఫిబ్రవరిలోనే క్వింటాలు కనీస ధరను 2,350కు, కొద్ది రోజులకే 2,150కి తగ్గించింది, రవాణా ఖర్చు కూడా కలపకుండా దేశమంతా ఒకటే ధర అన్నది. కొని, మోసి, సంచుల్లో నింపి, వడ్డీ కట్టి, ఎలుకల నుంచి కాపాడిన ఖర్చు కంటే తక్కువకు అమ్మడం ప్రైవేటు వ్యాపారంలో దివాలా అనిపించుకుంటుంది, ప్రభుత్వ వ్యాపారంలో ధరల స్థిరీకరణ అనిపించుకుంటుంది. కావలసినన్ని టన్నులు ఒకేసారి ఇవ్వక, వారం వారం ఒక్కో మిల్లుకు ఇంత అని పరిమితి పెట్టి పాడించారు. వేలం పాట రోజు మిల్లుల ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే వారి శ్రద్ధ పరీక్ష ఫలితాలు చూసే విద్యార్థులకు కూడా ఉండదు. ఆ గోధుమలోంచే నవంబరులో భారత్ ఆటా పుట్టింది. కిలో 27.50 రూపాయలకు సహకార సంస్థల బండ్ల మీద అమ్మారు, ఏడాది తిరగ్గానే 30 రూపాయలు చేశారు. ధర పెరగలేదని చెప్పడానికి తెచ్చిన పిండికే ధర పెంచవలసి రావడాన్ని విమర్శకులు ఎత్తిచూపుతారు. నేను మాత్రం దానిని నిజాయితీ అంటాను, మార్కెట్‌లో ఏం జరుగుతోందో ప్రభుత్వ పత్రాలన్నిటిలోకీ ఆ సంచి మీది అంకె ఒక్కటే ఉన్నదున్నట్టు చెప్పింది.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ అంటించిన పిండి, బియ్యం వంటివాటికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్‌టీ వచ్చింది. మర్నాటి నుంచే తెలుగునాట బియ్యం బస్తా 26 కిలోలైంది. ఆ ఒక్క కిలోలో ఎంత ఆర్థిక శాస్త్రం ఉందో విశ్వవిద్యాలయాలు ఇంకా గుర్తించలేదు. నెలకు ఐదు కిలోల పిండి కొనే మనిషి పన్ను కడతాడు, బస్తా ఎత్తగల మనిషి కట్టడు. కండబలానికి పన్ను మినహాయింపు ఇచ్చిన ఈ ఏర్పాటును వ్యాయామశాలలు స్వాగతించాలి.

రైతు మాట ఎత్తలేదని మీరు అనుకోవచ్చు. విధానం ఎత్తిన చోటల్లా నేనూ ఎత్తాను, అది ఎత్తని చోట నేనెందుకు ఎత్తాలి? ధర మద్దతు ధరకు దిగువన ఉన్న రోజుల్లో రైతును మార్కెట్‌కు వదిలేయాలని, ఎగువన ఉన్న రోజుల్లో వినియోగదారుణ్ణి మార్కెట్‌కు వదలకూడదని రెండు సూత్రాలు ఉన్నాయి, రెండూ ఒకే కాలంలో అమలవుతాయి. ఎగుమతి ఆపినా, నిల్వ పరిమితి పెట్టినా, చవకగా వేలం వేసినా దిగేది రైతు చేతి ధరే. 2019లో 40 శాతం చేసిన దిగుమతి సుంకాన్ని మాత్రం మిల్లర్లు, ముఖ్యంగా ఓడరేవుకు దగ్గరగా ఉండి ఆస్ట్రేలియా గోధుమ చవకగా దించుకోగల దక్షిణాది వారు ఎంత వేడుకున్నా తగ్గించలేదు, అది రైతు రక్షణ కోసం. తలుపు బయటి నుంచీ లోపలి నుంచీ గడియ పెట్టి రైతుకు సంపూర్ణ భద్రత కల్పించారు.

ఇంత సమగ్ర విధానంలో మర ఒక్కటే లోటు. అందుచేత కేంద్రానికి నా సవినయ ప్రతిపాదన: అంచనా గోధుమను పట్టే ప్రత్యేక రోలర్ మిల్లును ఢిల్లీలో వ్యవసాయ మంత్రిత్వ శాఖ చిరునామాగా పేరుపడ్డ కృషి భవన్ పరిసరాల్లోనే, ముడిసరకు పుట్టే చోటనే నెలకొల్పాలి. రైల్వే రేకులు అక్కర్లేదు, తడి పట్టించడం అక్కర్లేదు, ముడుచుకుపోయిన గింజల శాతం అక్కర్లేదు. సరకు విడతలు విడతలుగా ముందస్తు అంచనాల రూపంలో దానంతట అదే వచ్చి తొట్టెలో పడుతుంది. మైదా స్థానంలో పత్రికా ప్రకటనలు, పొట్టు స్థానంలో వివరణలు రాలతాయి. వివరణలను పశువులు తినవు కనుక వాటిని పార్లమెంటు ప్రశ్నలకు సమాధానాలుగా వినియోగించవచ్చు. స్థాపిత సామర్థ్యం 1175 లక్షల టన్నులకు తగ్గకూడదు, వచ్చే ఏటి రికార్డుకు అదనపు జల్లెడలు బిగించుకునే వీలుండాలి. ఈ మిల్లుకు నిల్వ పరిమితి వర్తించకుండా మినహాయింపు ఇవ్వాలి, ఎందుకంటే ఈ సరకును ఎంత దాచినా ధర పెరగదు. పొలం గోధుమ పట్టే పాత మిల్లులు మాత్రం యథాప్రకారం శుక్రవారం సాయంత్రంలోగా నూనెల పోర్టల్‌లో తమ బస్తాలు నమోదు చేసుకోవచ్చు.